తగ్గిన తీగె

ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నేను కనిపెట్టిన గొప్ప పదార్థం ఒక్కటే. అది రెండేళ్ల పైచిలుకు బతికింది. ప్రయోగశాలల్లో కొత్తగా అడుగుపెట్టే పిల్లలకు గెలిచిన కథలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు శాలువాలు కూడా ఉన్నాయి. నాకు శాలువా లేదు, చలికాలానికి మఫ్లర్ ఉంది. కాబట్టి నేను పోగొట్టుకున్న కథే చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన మొదటి పదేళ్లలోని సంగతి. వనపర్తిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ని. ఉద్యోగం వనపర్తిలో, కాపురం గద్వాలలో. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కృష్ణ దాటేవాణ్ని. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ ఒకే జిల్లా. ఇప్పుడు మూడు జిల్లాలయ్యాయి. ఆ లెక్కన నా బస్సు ప్రయాణాలకు కొంచెం గౌరవం పెరిగింది.

అప్పట్లో హైడ్రోజన్ ఇంధన కణాల మీద అందరికీ మోజు. ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు గాలిలోని ఆక్సిజన్ పంపితే మధ్యలో కరెంటు పుడుతుంది, చివర మిగిలేది నీళ్లు. చదవడానికి ఇంత హాయిగా ఉన్న పథకంలో ఒక మెలిక ఉంది. ఆక్సిజన్ బద్ధకస్తురాలు, ఎవరైనా తట్టిలేపితే తప్ప పని మొదలుపెట్టదు. అలా లేపే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటాం. తాను మారకుండా పక్కవాళ్ల చేత పని చేయించేది ఉత్ప్రేరకం అని బోర్డు మీద రాసిన ప్రతిసారీ, వెనక బెంచీల నుంచి మా ప్రిన్సిపాల్ గారి పేరు వినిపించేది.

ఈ పనికి ప్లాటినమే దిట్ట. దాని ధర వింటే బంగారం కూడా పక్కకు తప్పుకుంటుంది. ప్లాటినం లేకుండా, ఇనుము, నత్రజని, బొగ్గు కలిపి అదే పని చేయించగలమా అన్నది ప్రపంచమంతా వెతుకుతున్న ప్రశ్న. నేనూ వెతకడానికి బయలుదేరాను. ప్రపంచం దగ్గర లేనిది నా దగ్గర ఒకటుంది: ఆముదం చెక్క. మా వైపు ఆముదానికి కరువు లేదు, కరువున్న చోటే ఆముదం పండుతుంది కనుక. నూనె పిండాక మిగిలే చెక్కను రైతులు ఎరువుగా వేస్తారు, అందులో నత్రజని ఎక్కువ. దాన్ని ఇనుప లవణంతో నానబెట్టి, ఎండబెట్టి, గాలి తగలకుండా గొట్టపు కొలిమిలో కాలిస్తే నల్లటి పొడి వస్తుంది. ఆ పొడే మా ఆశ.

ఢిల్లీ నుంచి చిన్న ప్రాజెక్టు వచ్చింది. దానితోపాటు ఒక పరిశోధక విద్యార్థినికి నెలనెలా స్టైఫండ్ వచ్చింది. ఆ అమ్మాయిది తెలకపల్లి దగ్గర పల్లె, ఇంట్లో మెట్ట చేను, ఆ చేనులో ఆముదం. మొదటి చెక్కను యూరియా సంచిలో నింపి తానే బస్సు మీద వేసుకొచ్చింది. కండక్టరు ఏందమ్మా ఇదంటే "నా పీహెచ్‌డీ" అన్నదట. ఇంట్లో వాళ్లతో ఆమెకు ఒక ఒప్పందం ఉంది: స్టైఫండ్ వచ్చినన్ని రోజులు చదువు, అది ఆగిన నెల నుంచి ఏదో ఒక ప్రైవేటు బడిలో టీచరు పని. ఒప్పందం సంగతి ఆమె ఒకేసారి చెప్పింది, నేను చాలాసార్లు తలుచుకున్నాను.

ల్యాబులో మూడో మనిషి మా అటెండరు. రాజోలి మనిషి. నాలాగే గద్వాలలో కాపురం, నాలాగే అదే బస్సు. ఏ సీసా ఏ అరలో ఉందో ఆయనకు తెలుసు. ఏ సీసాలో ఏముందో నాకు తెలుసని ఆయన గట్టి నమ్మకం.

మా కొలిమికి తొమ్మిది వందల డిగ్రీల వేడి కావాలి, మా ఊరికి తొమ్మిది గంటలకు కరెంటు పోయేది. ఎన్ని బ్యాచులు సగం కాలి పోయాయో చెప్పలేను. పైగా వాసన. పక్క గదిలో బోటనీ వాళ్లు కిటికీలు మూసుకుని పువ్వుల గురించి పాఠం చెప్పేవారు. ఫిజిక్స్ లెక్చరరుకైతే మేం రోజూ టిఫినుతో సమానం.

"ఏం సారూ, ఆముదంతోని కారు నడుపుతరంట?"

"ప్రయత్నం చేస్తున్నం."

"నడుస్తదో లేదో గని సారూ, ఒకసారి కదిలితే ఆగదు. ఆముదం తాగినోడు ఆగుతడా?"

స్టాఫ్ రూమంతా నవ్వేది, నేనూ నవ్వేవాణ్ని. పరిశోధనలో 'పరి' తీసేస్తే మిగిలేది శోధనే అని నాకు అప్పటికే తెలుసు.

ఇప్పుడు పరీక్ష ఎలా చేసేవాళ్లమో నాలుగు మాటల్లో చెప్పాలి, కథ అందులోనే ఉంది. ఒక గాజు పాత్రలో ఆమ్లం. అందులో మూడు కడ్డీలు. మొదటి కడ్డీ కొసన మా నల్ల పొడి చుక్క. రెండోది కొలతకు ప్రమాణంగా నిలబెట్టే ఉప్పు ద్రావణపు గాజు గొట్టం. మూడోది కరెంటు దారి పూర్తి కావడానికి మా పొడికి ఎదురుగా పెట్టే జోడీ కడ్డీ, సన్నని ప్లాటినం తీగె చుట్ట. ప్లాటినం లేని పదార్థాన్ని పరీక్షించడానికి ఎదురుగా ప్లాటినమే పెట్టడం వింతగా తోచలేదా అని అడగకండి. పుస్తకాల్లో అలాగే ఉంది. ప్లాటినం కరగదు, తుప్పుపట్టదు, ఎవరి జోలికీ పోదు. పెద్దమనిషి కదా అని సాక్షిగా నిలబెట్టాం.

ప్రాజెక్టు మొదలైన కొత్తలోనే ఆ తీగె అతుకు దగ్గర విరిగింది. కొత్తది తెప్పించాలంటే ఫైలు ఢిల్లీ దాకా పోయి రావాలి. "గద్వాలల మా అవుసలాయన ఉన్నడు సార్, ఎంత సన్నంది అయినా అతుకుతడు" అన్నాడు అటెండరు. కంసాలిని మా వైపు అవుసలాయన అంటాం. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలకు ఒకవైపు దారం. టంకం పెట్టొద్దు, వేరే లోహం ఆనవాలు తగిలినా మా ప్రయోగం పాడవుతుంది అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆయన విని, తీగె కొసలు రెండూ తెల్లగా కాల్చి, చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. అతుక్కుంది.

అతికే ముందు ఒకసారి, అతికాక ఒకసారి మా కళ్ల ముందే తూచాడు. రెండు తూకాలూ రెండు చీటీల మీద రాసి, నాతో సంతకం చేయించి, ఒకటి నాకిచ్చి, రెండోది ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేసుకున్నాడు. ఒక గ్రాము నలభై రెండు. ఆయన దుకాణం పద్ధతి అది, ముక్కుపుల్ల తెచ్చినా అంతే. అవుసలోళ్ల మీద లోకానికి ఉన్న అనుమానం సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ డబ్బా ఆ అనుమానానికి అడ్డంగా ఆయన కట్టుకున్న గోడ.

ఆ తర్వాత రెండేళ్లు మాకు పండగ.

మా పొడి మొదట్లో అంతంతమాత్రంగా పనిచేసేది. కానీ ఆమ్లంలో ఉంచి వోల్టేజీని పైకీ కిందికీ తిప్పుతూ పోతే మెల్లగా మెరుగయ్యేది. వంద చుట్లకు కొంచెం, వెయ్యి చుట్లకు చాలా. అన్ని ఉత్ప్రేరకాలూ వాడినకొద్దీ నీరసిస్తాయి, మాది మాత్రం బలపడుతోంది! హైదరాబాదులో ఒక సదస్సుకు పోయి, "మా పదార్థం వయసు పెరిగినకొద్దీ మెరుగవుతుంది, నాకు సరిగ్గా వ్యతిరేకం" అన్నాను. హాలంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్లలో ఒక్కరూ ఎందుకలా అని అడగలేదు. నేనూ నన్ను అడగలేదు. మంచి జోకు ఒక్కోసారి మంచి ప్రశ్న మీద మూతలా కూర్చుంటుంది.

ప్రాజెక్టు గడువు ముగింపుకు వచ్చింది. ఇంకో మూడేళ్లు పొడిగించాలా వద్దా అని తేల్చడానికి కమిటీ వస్తుందని ఉత్తరం వచ్చింది. పొడిగిస్తే ఆ అమ్మాయి థీసిస్ పూర్తవుతుంది, లేకపోతే ప్రైవేటు బడి. ఇంకా రెండు వారాలుందనగా తీగె మళ్లీ విరిగింది. ఈసారి అతుకు దగ్గర కాదు, మధ్యలో.

ఆ సాయంత్రం బస్సు దిగి, నేనూ అటెండరూ తీగెను అగ్గిపెట్టెలో పెట్టుకుని నేరుగా అవుసలాయన దుకాణానికి పోయాం. ఆయన ముక్కలు రెండూ తరాజులో వేశాడు. ఇంకోసారి వేశాడు. డబ్బా తీసి, చీటీలు తిరగేసి, మాది బయటికి తీశాడు.

"సారూ, తీగె తగ్గింది."

"తగ్గుడేంది?"

"పోయినసారి ఇక్కడికెల్లి పోయేటప్పుడు ఒకటి నలభై రెండు. ఇయ్యాల ఒకటి ముప్పై ఎనిమిది. అంటే గురిగింజల మూడో వంతు లేదు."

"ఏ ముక్కనో కింద పడ్డదేమో," అన్నాను.

"కొసలు చూసిన సారూ. రెండు కొసలు ఒకదానికొకటి సరిగ్గ కూసుంటున్నయి. ముక్క పోలే. తీగెనే పలసబడ్డది."

అటెండరు ముందుకు వంగాడు. "అంటే ఏందన్నా, మేం నాకినమా?"

"నేనట్లన్ననా? అతకకముందే చెప్తున్న. అతికినంక చెప్తే మీరు నన్నంటరు."

"అననీకి ఏమున్నది? అప్పుడే జర గిల్లినవో, చీటీల ఎక్కువ రాసినవో, ఎవరికెరుక?"

దుకాణంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు గొలుసులు పట్టుకుని కూర్చున్నారు. వాళ్లు మా వైపు చూశారు, తర్వాత ఆయన వైపు చూశారు, తర్వాత తమ గొలుసుల వైపు చూసుకున్నారు. ఆయన మంట ఆపేశాడు. ముక్కలు అగ్గిపెట్టెలో పెట్టి, దాన్ని అటెండరుకు కాదు, నా చేతికిచ్చాడు.

"తీస్కపోండి సారూ. మా నాయన కాలం కాడికెల్లి చీటీలున్నయి గీ డబ్బల. ఒక్కటి తప్పని చూపియ్యండి, దుకాణం బంద్ చేస్త. అది తేలేదాక మీ తీగె నేను ముట్టను."

గిల్లినవన్న మాట అన్నది నేను కాదు. కానీ అనొద్దని కూడా అనలేదు. బయటికి వచ్చి అటెండరుతో, "ఊరికే ఎందుకయ్యా ఆయన్ని అన్నవు," అన్నాను. రోడ్డు మీద, ఆయనకు వినపడనంత దూరం వచ్చాక.

ఆ మర్నాడు బస్సులో నేను వేసుకున్న లెక్క మీకు దాచకుండా చెప్పాలి. తీగె తగ్గిందన్నది నిజం. తగ్గడానికి దారులు రెండే. ఒకటి, అవుసలాయన తీసుకున్నాడు. రెండు, తీగె మా ఆమ్లంలో కరిగింది. కరిగితే కరిగిన ప్లాటినం ఎక్కడికి పోతుంది? ఎదురుగా ఉన్న కడ్డీ మీదికి, మా నల్ల పొడి మీదికి పోతుంది. అప్పుడు రెండేళ్లుగా పనిచేస్తున్నది ఆముదం చెక్క కాదు, ఆముదం చెక్క చాటున దాక్కున్న ప్లాటినం. వాడినకొద్దీ ఎందుకు మెరుగవుతోందో కూడా అర్థమవుతుంది. అంటే మా ఉత్ప్రేరకం ఉత్త ప్రేరకమే. ఆయన మంచివాడైతే మా పని అబద్ధం. మా పని నిజం కావాలంటే ఆయన దొంగ కావాలి.

బస్సు బ్రిడ్జి దాటుతుండగా, ఒక మనిషి దొంగ అయితే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. నా జీవితంలో నేనంత శ్రద్ధగా ఇంకేదీ కోరుకున్నట్టు గుర్తులేదు.

ల్యాబుకు పోగానే అమ్మాయికి చెప్పాను. "తీగె తగ్గిందంట. అవుసలాయనే అప్పుడు కొంచెం తీసినట్టున్నడు."

ఆమె పాత నోటుబుక్కు తీసింది. అవుసలాయన నాకిచ్చిన చీటీ ఒక పేజీలో గోందుతో అంటించి ఉంది. కింద ఆమె చేతిరాతతో ఇంకో తూకం. తీగె బాగై వచ్చిన మర్నాడు కాలేజీ త్రాసు మీద తూచినది. ఒకటి నలభై రెండు. ల్యాబులోకి వచ్చిన ప్రతి వస్తువునూ తూచి రాసుకోవాలని ఆమెకు నేర్పిందెవరో కాదు, నేనే. మంచి అలవాట్లు నేర్పేటప్పుడు అవి మన మీదికే వస్తాయని ముందు తెలియదు.

"ఆయన ఇచ్చినప్పుడు సరిగ్గనే ఉండె సార్."

"మన త్రాసు తప్పు చూపిందేమో."

"మన త్రాసు తప్పైతే సార్, మన థీసిస్‌ల సగం తప్పే."

అప్పుడు నా చూపు ఎందుకో అటెండరు వైపు పోయింది. ఆయన వెంటనే పట్టేశాడు.

"నా దిక్కు చూస్తున్నరేంది సార్? గీ తెల్ల తీగెతోని నేనేం చేస్కుంట? నా పెండ్లానికి చూపిస్తే స్టీలు అంటది!"

నిన్న తాను ఇంకొకరి మీద వేసిన మాట ఇవాళ తన మీదికి వచ్చేసరికి ఆయన పొద్దంతా పరేషాన్‌గా తిరిగాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పలేదు.

మూడు రోజుల తర్వాత అమ్మాయి రెండు పరీక్షనాళికలు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. వాడేసిన కడ్డీల మీది పొడినంతా రెండేళ్లుగా గీకి సీసాలో దాచిపెట్టిందట. ఒక నాళికలో ఆ వాడిన పొడిని, ఇంకోదానిలో ఒక్కసారి కూడా వాడని పొడిని, బంగారాన్ని సైతం కరిగించే ఆమ్లాల మిశ్రమంలో కరిగించింది. రెండింటిలోనూ తగరపు లవణం చుక్క వేసింది. ప్లాటినం ఉంటే ఆ చుక్కకు నారింజ రంగు వస్తుంది. డిగ్రీ పిల్లలకు చెప్పే పరీక్షే.

వాడని పొడి నాళికలో రంగు లేదు. వాడిన పొడి నాళికలో కమలాపండు రసం.

కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో చూశాను. రంగు మారుతుందేమోనని కాసేపు నిలబడ్డాను. మారలేదు. ప్రమాణానికి పెట్టిన గాజు గొట్టం నుంచి ఉప్పు కొద్దికొద్దిగా ఆమ్లంలోకి కారుతూ ఉండి ఉంటుంది. ఉప్పు తోడైతే ప్లాటినం లాంటి పెద్దమనిషి కూడా కరుగుతాడు. పుస్తకంలో అదీ ఉంది, ఇంకో అధ్యాయంలో.

నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఇది ఎవరికన్నా చెప్పినవా?"

"లేదు సార్. మీకే."

"సరే. కమిటీ వచ్చి పోనీ. తర్వాత నిమ్మళంగా చూద్దాం. ఇప్పుడు చెబితే నీ స్టైఫండ్ పోతది."

ఆమె కోసమే చెబుతున్నానని నేను నిజంగానే నమ్మాను. తన స్టైఫండ్ కాపాడమని ఆమె నన్ను అడగనే లేదన్న సంగతి తర్వాత తట్టింది. నాళికలు కడగకుండా స్టాండులో పెట్టి, తలుపు దాకా పోయి ఆగింది.

"సార్, మరి ఆ అవుసలాయన?"

"ఆయనకేమైంది?"

"మనం చెప్పకపోతే ఆయన దొంగనే గద సార్."

 జవాబు కోసం ఆగకుండా ఆమె వెళ్లిపోయింది.

ఆ వారంలో ఆమె ఇంకో పని చేసింది. అయిపోయిన టార్చి బ్యాటరీ ఒకటి పగలగొట్టి, మధ్యలో ఉండే బొగ్గు కడ్డీని బయటికి తీసి, ఆమ్లంలో ఉడికించి శుభ్రం చేసింది. ప్లాటినం తీగె బదులు దాన్ని జోడీ కడ్డీగా పెట్టొచ్చు. ఆ కడ్డీని సొరుగులో పెట్టింది. తీగె ముక్కల కొసలు వంచి, ఒకదానికొకటి తగిలించి అటెండరు తాత్కాలికంగా బాగుచేశాడు. అదీ అదే సొరుగులో. కమిటీ వచ్చే రోజు వరకు రెండూ పక్కపక్కనే పడుకున్నాయి, నాకే నిద్ర లేదు.

కమిటీలో ముగ్గురు. పెద్దదిక్కు హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఎప్పుడూ కళ్లద్దాల పైనుంచి చూసే మనిషి. మా కాలేజీ తరఫున ఫిజిక్స్ లెక్చరరు కూడా వచ్చి కూర్చున్నాడు, వినోదం కోసం. నేను చెప్పినట్టే అమ్మాయి ప్లాటినం తీగె బిగించింది. పరీక్ష మొదలైంది. పాత కంప్యూటరు తెర మీద గీత చుట్టుచుట్టుకూ పైకి జరుగుతోంది, ఎప్పటిలాగే మర్యాదగా.

"బాగుంది," అన్నదావిడ. "కానీ వాడుతున్నకొద్దీ ఎందుకు పెరుగుతోందండీ?"

రెండేళ్లుగా రావాల్సిన ప్రశ్న. జోకు నాలుక మీద సిద్ధంగా ఉంది. ఫిజిక్స్ లెక్చరరు అప్పటికే నవ్వడానికి నోరు తెరిచాడు. నేను బల్ల మీద చెయ్యి ఆనించబోతే కింద ఏదో తగిలింది. నోటుబుక్కు. అవుసలాయన చీటీ అంటించిన పేజీ తెరిచి, సరిగ్గా నా మోచేతి కింద పెట్టి ఉంది. అమ్మాయి వైపు చూశాను. ఆమె తెర వైపు చూస్తోంది.

"ఎందుకంటే మేడమ్," అన్నాను, "ఎదురుగా ఉన్న తీగె కరిగి దీని మీదికి వస్తున్నది. మీరు చూస్తున్నది మా పొడి కాదు. ప్లాటినం."

 ఫిజిక్స్ లెక్చరరు నోరు అలాగే తెరిచి ఉంది, కారణం మాత్రం మారింది. చీటీ చూపించాను. మేం తూచిన తూకం, ఇప్పటి తూకం, రెండు నాళికలు, అన్నీ చూపించాను. తర్వాత కొత్త పొడి పెట్టి, తీగె తీసేసి బొగ్గు కడ్డీ బిగించి, మళ్లీ మొదటి నుంచి నడపమన్నాను. గంటకు పైగా పట్టింది. అటెండరు టీలు తెచ్చాడు, చల్లారాయి. గీత ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది. వంద చుట్లకూ అక్కడే, ఐదు వందలకూ అక్కడే. నన్ను చూస్తూ కూర్చున్నట్టే ఉంది.

"ఈ కడ్డీ ఎక్కడిది?" అడిగిందావిడ.

"టార్చి బ్యాటరీది మేడమ్," అన్నది అమ్మాయి. ఆ రోజు ఆమె పలికిన మొదటి మాట.

ఆవిడ నోటుబుక్కు దగ్గరికి లాక్కుని చీటీని చాలాసేపు చూసింది. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు అన్నది: "మా ల్యాబులో కూడా ప్లాటినం తీగెలే వాడుతున్నాం. వెళ్లగానే తూయాలి."

మూడేళ్లు అడిగితే ఎనిమిది నెలలు ఇచ్చారు, పని సర్ది ముగించుకోవడానికి. ఆ ఎనిమిది నెలల్లో మా పొడిని ఆమ్లంలో కాకుండా క్షారంలో, బొగ్గు కడ్డీ ఎదురుగా పరీక్షించింది ఆ అమ్మాయి. అక్కడ కొంత పనిచేసింది. గొప్పగా కాదు, కానీ సొంతంగా. ఆ తర్వాత స్టైఫండ్ ఆగింది, ఒప్పందం ప్రకారం నాగర్‌కర్నూలులో ఒక ప్రైవేటు బడిలో చేరింది. థీసిస్ ఆదివారాలు రాసింది. నాలుగేళ్లు పట్టింది. అందులో తీగె కోసం ఒక అధ్యాయం కేటాయించింది. నేను మాట్లాడకుండా ఉంటే ఆమెకు ఆ నాలుగేళ్లు మిగిలేవా అని అప్పుడప్పుడు లెక్కేస్తాను. ఆమెను ఒకసారి అడిగాను కూడా. "నోటుబుక్కు అక్కడ పెట్టింది నేను గద సార్," అని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది.

ఇక మిగిలింది అవుసలాయన.

కమిటీ పోయిన మర్నాడు నేనూ అటెండరూ ఆ దుకాణానికి పోయాం. ఈసారీ గొలుసుల వాళ్లున్నారు, వేరేవాళ్లు. పక్కకు పిలిచి చెబుదామనుకున్నాను.

"ఇక్కడనే చెప్పండి సారూ. అన్నది ఇక్కడనే గద," అన్నాడాయన, చేతిలో పని ఆపకుండా.

చెప్పాను. ఆమ్లం, ఉప్పు, కరగడం, నల్ల పొడి అన్నీ. గొలుసుల వాళ్లకు ఎంత అర్థమైందో తెలియదు కానీ తప్పు మాదే అన్న ముక్క అర్థమైంది. అటెండరు రెండు చేతులూ జోడించి, "జర నోరు జారిన అన్నా. నా మీదికి వచ్చినంక తెలిసింది, ఎంత మండుతదో," అన్నాడు.

ఆయన ఒప్పుకున్నట్టు తల ఊపలేదు. డబ్బా తెరిచి మా పాత చీటీ తీసి నా ముందు పెట్టాడు, పెన్నుతో సహా.

"నోటి మాట గాలికి పోతది సారూ. దీని కింద రాసియ్యండి."

రాశాను: 'ఇందులో తగ్గిన తూకం కాలేజీ ప్రయోగశాలలో తరిగింది.' సంతకం పెట్టాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. సదస్సుల్లో నా వ్యాసాలను ఎవరూ అంత జాగ్రత్తగా చదవలేదు.

"తరిగింది అంటే ఎట్ల సారూ? దానంతటదే తరిగినట్టుంది. ఎవరి చేతులనో రాయండి."

'మా చేతుల్లో' అని చేర్చాను. ఇంకోసారి చదివి, డబ్బాలో వేసుకుని, మంట వెలిగించాడు.

"ఇగ తేండి తీగె."

మాకు దానితో ఇక పనిలేదని చెప్పాలనిపించింది, కానీ అటెండరు అప్పటికే అగ్గిపెట్టె తీసి ఇచ్చేశాడు. ఆయన తూచాడు, అతికాడు, మళ్లీ తూచాడు. కొత్త చీటీలు రెండు రాశాడు. ఒకటి ముప్పై ఎనిమిది.

ఆ తర్వాత ఆ తీగెను ఏ ప్రయోగానికీ వాడలేదు. సొరుగులో చీటీతో సహా పడి ఉండేది. రిటైరైన రోజు, శాలువా వస్తుందేమోనని ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చుని, ఏమీ తోచక దాన్ని త్రాసు మీద పెట్టాను. సరిగ్గా చీటీలో ఉన్నంతే ఉంది.